పరువు శాఖ, పద్నాలుగో క్లాజు

ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్ లేకపోయినా ఆట ఎలాగోలా నడిచిపోతుంది గానీ, పేరు లేకపోతే ఒక్క పూట కూడా నడవదు. ఈ సత్యాన్ని కనిపెట్టింది మన కథలోని క్లబ్బు. కనిపెట్టి ఊరుకోలేదు, నియమావళి మొదటి పేజీలో దళసరి అక్షరాలతో అచ్చు వేయించింది. (గోల్‌కీపర్ సంగతి నలభై ఏడో పేజీలో సన్న అక్షరాల్లో ఉంది. కిందటి సీజన్‌లో అరవై రెండు గోల్స్ పడ్డాయి కాబట్టి ఆ పేజీ దాకా ఎవరూ వెళ్లినట్టు లేరు.)

ఆ పేరు ఆటలో వచ్చింది కాదు. పన్నెండు జట్ల లీగులో పదకొండేళ్లుగా పదో స్థానం దాటి పైకి ఎక్కని జట్టుకు ఆటలో పేరెలా వస్తుంది? ఒప్పందాల్లో వచ్చింది. కొత్తగా చేరే ఆటగాడితో బేరానికి కూర్చుంటే ఆ క్లబ్బు ఇంతవరకు ఒక్క కామా కూడా వదులుకున్నది లేదు. మైదానంలో అడిగినవాడికీ అడగనివాడికీ గోల్స్ పంచిపెట్టే చేయి, ఆఫీసు గుమ్మం దాటగానే పిడికిలి బిగించేస్తుంది. మిగతా క్లబ్బుల గాజు బీరువాల్లో కప్పులుంటాయి. ఇక్కడి గాజు బీరువాలో ఒప్పందాలున్నాయి. కొత్తవాళ్లు అడిగి భంగపడ్డ వాక్యాల మీద ఎర్ర సిరా గీతలతో సహా ఫ్రేములు కట్టించి పెట్టారు. చూడ్డానికి వచ్చే స్కూలు పిల్లలకు గైడు కర్రతో చూపిస్తూ, "ఇదిగో, ఇది ఒక సెంటర్ ఫార్వర్డ్ అడిగిన ఇంటి అద్దె. ఎంత నీటుగా కొట్టేశామో చూడండి" అని చెబుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు.

ఇంతటి ఆస్తిని గాలికి వదిలేస్తారా? దాని బాగోగులు చూడ్డానికి 'ఒప్పంద కీర్తి పరిరక్షణ విభాగం' అని ఒకటి పెట్టారు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక అందరూ పరువు శాఖ అంటారు. దాని అధికారిని పరువుగారు అంటారు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ నలగని చొక్కాతో, ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే మనిషి. ఎవర్నీ కసిరిన పాపాన పోలేదు. చాలామంది 'అవును' అని చెప్పేదానికన్నా మర్యాదగా ఆయన 'కాదు' అని చెబుతాడు.

ఈ క్లబ్బుకే చీటీలో బాణం పేరు వచ్చింది.

లీగు పద్ధతి అది. కొత్త ఆటగాళ్లు క్లబ్బును ఎంచుకోరు. ఒక గిన్నెలో ఆటగాళ్ల పేర్లు, ఒక గిన్నెలో క్లబ్బుల పేర్లు వేసి, ఏడాదికి రెండు విడతలుగా చీటీలు తీస్తారు. ఎవరికి ఎవరు వస్తే వాళ్లతోనే మూడేళ్లు కాపురం. బాణం అనేది మైదానంలో వాళ్లు పెట్టిన పేరు. ఎడమ పక్క నుంచి దూసుకుపోతే పట్టుకోవడం కష్టం. పంతొమ్మిదేళ్లు. ఇంట్లో మాత్రం చిన్నోడు.

చీటీ తీసిన రోజు మధ్యాహ్నమే చిన్నోడు ఆరుగురు ఏజెంట్లకు ఫోన్ చేశాడు. ఆరుగురూ మొదట ఎంతో ఆప్యాయంగా, "ఏ క్లబ్బు వచ్చింది నాన్నా?" అని అడిగారు. చెప్పాక ఒకాయనకు సిగ్నల్ పోయింది. ఒకాయన ఏజెంటు పని మానేశానన్నాడు. (ఆ నిమిషంలోనే మానేసినట్టున్నాడు.) ఇంకొకాయన వాళ్లింట్లో ఎవరికో బాగాలేదన్నాడు గానీ ఎవరికో వెంటనే గుర్తు రాలేదు. ఆరో ఆయన ఒక్కడే నిజాయితీపరుడు. "నాకు బీపీ ఉంది బాబూ" అన్నాడు.

దాంతో బేరం అక్క నెత్తిన పడింది.

అక్క ఒక బీమా కంపెనీలో తొమ్మిదేళ్లుగా తిరస్కరణల సెక్షన్‌లో గుమాస్తా. పరిహారం అడిగిన వాళ్లకు 'చింతిస్తున్నాము' అని ఉత్తరాలు రాయడం ఆమె ఉద్యోగం. ఆ సెక్షన్‌లో చింత నాలుగు రకాలు. మామూలు చింత, తీవ్ర చింత, కాగితాలు ఆలస్యంగా పంపినందుకు చింత, మీ సంతకంతో మీరే ఒప్పుకున్నారు గనుక చింత. (ఐదో రకం హెడ్డాఫీసు పరిశీలనలో ఉంది.) చేరిన మొదటి రోజున సూపరింటెండెంటు ఆమెకు ఒకటే పాఠం చెప్పాడు: రెండు కాగితాలు పోట్లాడుకుంటే వెనక పెట్టిన సంతకం ముందు పెట్టిన సంతకాన్ని మింగేస్తుంది, కాబట్టి ఎక్కడ సంతకం పెట్టినా పక్కన టైము వెయ్యి తల్లీ. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకిపోయి, అక్క పాల పుస్తకంలో కూడా ఉదయం ఆరు ఇరవై అని వేసి సంతకం పెడుతుంది.

ఆ ఉద్యోగంలోకి ఆమె ఊరికే రాలేదు. నాన్న మేడలకు రంగులు వేసేవాడు. ఆమెకు పదిహేనేళ్లప్పుడు మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. కాంట్రాక్టరు వచ్చి, ఆ రోజు హాజరు పట్టీలో పేరు లేదు కాబట్టి ఆయన పనిలో పడలేదనీ, ఊరికే పడ్డాడనీ తేల్చి వెళ్లాడు. పనీపాటా లేని మనిషి రంగు బ్రష్షు పట్టుకుని మూడో అంతస్తు మీద ఎందుకున్నాడో ఎవరూ అడగలేదు. నాన్న రెండేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. అప్పట్నుంచి కాగితం అంటే అక్కకు భయమూ, భక్తీ, కసీ. అందుకే ఒప్పందం ముసాయిదా ఇంటికి రాగానే ఆమె జీతం దగ్గర ఆగలేదు, దెబ్బల సంగతి రాసే పద్నాలుగో క్లాజు దగ్గరికి నేరుగా పోయింది. అక్కడ ఏమీ లేదు. పదమూడు తర్వాత పదిహేను ఉంది.

"పద్నాలుగు ఏదండీ?" అని మర్నాడు పరువు శాఖలో అడిగింది.

"కూర్చోండమ్మా. టీ తాగుతారా?" అన్నాడు పరువుగారు. "పద్నాలుగంటే గాయం పూచీ. మిగతా పదకొండు క్లబ్బుల్లోనూ ఉంటుంది. ఆటలో గాని, సాధనలో గాని దెబ్బ తగిలితే, ఆటగాడు మళ్లీ ఆడేదాకా క్లబ్బే చికిత్స చేయించాలి, ఒప్పందం రద్దు చేయకూడదు. మంచి క్లాజు. నాకూ ఇష్టమే."

"మరి పెట్టండి."

"పెట్టకూడదమ్మా. మాకో పేరుంది."

"ఒక్క వాక్యమే కదండీ!"

"వాక్యం చిన్నదే. దాని వెనక పదకొండేళ్ల కష్టం ఉంది." ఆయన బీరువాలోంచి ఒక రిజిస్టరు తీసి, అరచేత్తో దుమ్ము తుడిచి, ఆమె ముందు పెట్టాడు. పద్నాలుగో క్లాజు అడిగి సంతకం పెట్టకుండా ఎదురుచూసిన కొత్తవాళ్ల పట్టిక అది. పంతొమ్మిది రోజులు, ఇరవై ఆరు, ముప్పై మూడు. అన్నిటికన్నా పెద్ద అంకె నలభై ఒకటి. "చివరికి అందరూ క్లాజు లేకుండానే సంతకం పెట్టారు. ఈ ఏడు మీవాడికి ఇచ్చామనుకోండి, పై ఏడు వచ్చేవాడు అడుగుతాడు. ఆ పై ఏడు వాడు దాంతోపాటు బూట్లు కూడా అడుగుతాడు."

"నలభై ఒక్క రోజులు ఆగిన అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"మా టికెట్ల కౌంటర్‌లోనే ఉన్నాడమ్మా" అన్నాడు పరువుగారు, వాత్సల్యంగా. "అన్ని రోజులు కూర్చునేసరికి అలవాటైపోయింది. చాలా బాగా కూర్చుంటాడు."

సంతకం కాని ఆటగాడి విషయంలో క్లబ్బుకు స్పష్టమైన నిబంధనలున్నాయి. రోజూ ఉదయం ఏడింటికి మైదానానికి రావాలి. రాకపోతే ఆసక్తి లేదని రాసుకుంటారు. వచ్చాక బంతిని తాకకూడదు. తాకితే, ఒప్పందం లేని కాలు క్లబ్బు ఆస్తిని వాడుకున్నట్టు లెక్క. అందుకని గీతకు రెండు గజాల అవతల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, వెనక 'చర్చల్లో ఉన్న ఆటగాడు' అని బోర్డు తగిలించారు. జట్టంతా ఎండలో పరుగులు తీస్తుంటే చిన్నోడు జెర్సీ తొడుక్కుని, మేజోళ్లు లాక్కుని, ఆ కుర్చీలో బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా కూర్చునేవాడు.

తొమ్మిదో రోజున ఎవరో తన్నిన బంతి గీత దాటి దొర్లుకుంటూ వచ్చింది. చిన్నోడు ఆలోచించలేదు. కుర్చీలోంచి లేవకుండానే ఎడమ కాలితో తిరిగి తన్నాడు. అది నలుగురిని దాటుకుని పోయి గోల్ మూలన పడింది. ఆ ఏడు ఆ మైదానంలో పడ్డ గోల్స్‌లో అదే మంచిదని కోచ్ అన్నాడట గానీ, రాతపూర్వకంగా అనలేదు. సాయంత్రానికి నోటీసు వచ్చింది: అనధికార స్పర్శ, మూడు ప్రతుల్లో సంజాయిషీ.

అక్క రాత్రి భోజనం మానేసి సంజాయిషీ రాసింది. 'మా తమ్ముడు బంతిని తాకలేదు, బంతే వచ్చి మా తమ్ముణ్ణి తాకినది' అని మొదలుపెట్టి, సంఘటనను బంతి వైపు నుంచి వివరించింది. పరువు శాఖ వారు అది చదివి నిజంగా సంతోషించారు. బంతిదే తప్పని నమోదు చేసి, దాన్ని రెండు రోజులు సాధన నుంచి తప్పించారు.

ఇరవై రోజులు దాటేసరికి ఇంట్లో వాతావరణం మారిపోయింది. అమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చుని, పక్కింటావిడ జాకెట్టు కుడుతూ, "పోనీ సంతకం పెట్టేయనివ్వవే. వాడి మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో" అనేది. కూతురు పలకకపోతే మిషను గట్టిగా తొక్కేది.

ముప్పై నాలుగో రోజున చిన్నోడే బద్దలయ్యాడు.

"అక్కా, నీ ఒక్క వాక్యం కోసం నా కాళ్లు తుప్పు పట్టిపోతున్నాయి. ఇంకో వారంలో సీజన్ మొదలు. ఆ లోపల సంతకం కాకపోతే ఏడాదంతా పోయినట్టే. నాకు దెబ్బ తగులుతుందని నీకెవరు చెప్పారు?"

"తగలదని నీకెవరు చెప్పార్రా?"

"అన్నీ నీ ఆఫీసులా చూడకు. ఎవడు పడతాడా, ఎవడికి ఉత్తరం రాద్దామా అని!"

అక్క మొహం తెల్లబోయింది. వాడు అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అదే ఆమెకు పోటులా తగిలింది. "నాన్న పడ్డప్పుడు నీకు నాలుగేళ్లురా" అంది చివరికి. "నాకు గుర్తుంది. నీకు లేదు. నువ్వు మంచం మీద పడితే నేను మళ్లీ చూడలేను. నన్ను తిట్టుకో, పరవాలేదు." చిన్నోడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు ఉదయం ఏడింటికి మళ్లీ కుర్చీలోనే ఉన్నాడు.

నలభయ్యో రోజున దేవుడు కళ్లు తెరిచాడు. తెరిచి, క్లబ్బు ఎడమ పక్క ఆడే పాత ఆటగాడి చీలమండ మీదికి చూశాడు. సాధనలో అది మెలితిరిగి ఆయన ఆరు వారాలకు పక్కకు తప్పుకున్నాడు. (ఆయనకూ పద్నాలుగో క్లాజు లేదు. ఆయన గురించి ఈ కథలో ఇంకేమీ రాదు, క్లబ్బు రికార్డుల్లోనూ రాలేదు.) ఎడమ పక్కన ఆడేవాడు ఇంకెవడూ లేడు. కోచ్ పరువు శాఖకు వెళ్లి, కుర్చీలో ఉన్న కుర్రాణ్ణి ఇస్తారా, లేకపోతే కుర్చీనే తీసుకెళ్లి ఎడమ పక్కన వేసుకోనా అని అడిగాడట. ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ వచ్చింది.

పరువుగారు ఈసారి టీతోపాటు బిస్కెట్లు కూడా తెప్పించాడు. అక్కకు అక్కడే అర్థమైంది.

"అమ్మా, మీరు గెలిచారు. పద్నాలుగో క్లాజు ఇస్తున్నాం."

అక్క తన చెవులను తనే నమ్మలేకపోయింది. ఆయన ఒప్పందం తిప్పి చూపించాడు. పదమూడు, పద్నాలుగు, పదిహేను. ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా మూడుసార్లు చదివింది. 'సాధ్యమైనంత వరకు' లేదు. 'క్లబ్బు విచక్షణ మేరకు' లేదు. తొమ్మిదేళ్లలో తను తిరస్కరించిన కాగితాల్లో ఉన్న ఏ బొక్కా ఇందులో లేదు. ఆమెకు లేచి గంతులేయాలనిపించింది. నాన్న గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

"ఒక చిన్న సహాయం కావాలి" అన్నాడు పరువుగారు. "ఇచ్చినట్టు బయటికి తెలియకూడదు. మా పేరు దెబ్బతింటుంది. అందుకని మీవాడు ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. పద్నాలుగో క్లాజు అడిగాను, క్లబ్బు నిరాకరించింది, ఆ క్లాజు లేకుండానే చేరుతున్నాను అని. పత్రికల వాళ్లకీ, పై ఏడు వచ్చే వాళ్లకీ చూపించడానికి. అంతే."

"అది అబద్ధం కదండీ?"

"అబద్ధమేనమ్మా" అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. "నిజం మీ చేతిలో ఉంది కదా."

నిజం చేతిలో ఉన్నప్పుడు మనిషికి ఒళ్లు తెలియదు. అక్క ఒప్పుకుంది. మర్నాడు పొద్దున కార్యక్రమం ఏర్పాటైంది. ముందు పరువుగారి గదిలో తలుపులు వేసుకుని ఒప్పందం మీద సంతకం చేశారు. తర్వాత హాల్లో, కెమెరాల ముందు, ప్రకటన మీద సంతకం. ఫోటో తీసేవాడు, "కొంచెం తల దించు తమ్ముడూ, ఓడిపోయినట్టు. ఆఁ, ఇంకొంచెం. నవ్వకు" అని సర్దుతున్నాడు. చిన్నోడికి ఆనందం ఆగక నవ్వు వస్తూనే ఉంది. ఏడోసారికి సరిగ్గా ఓడిపోయాడు. రెండు కాగితాల మీదా వాడు సంతకం పెట్టి పెన్ను తీయబోతుంటే, అక్క వెనక నుంచి భుజం తట్టి, "టైము వెయ్యరా" అంది. ఒప్పందం మీద పది గంటల పది నిమిషాలు అని వేశాడు. ప్రకటన మీద పది నలభై.

ఆ తర్వాత పదహారు రోజులు ఆ ఇంట్లో పండగే. చిన్నోడు రెండు మ్యాచ్‌లు ఆడి మూడు గోల్స్ కొట్టాడు. అమ్మ తన జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ చూసి, "మనవాడి వెంట అంతమంది పడుతున్నారేమే, వాడేం చేశాడు?" అని కంగారు పడింది. అక్క ఆఫీసులో తీవ్ర చింతలు కూడా ఈల వేసుకుంటూ రాసింది.

మూడో మ్యాచ్ ఇరవయ్యో నిమిషంలో, ఎవరూ తాకకుండానే, ఉరుకుతున్న చిన్నోడు నేల మీద కూలబడి మోకాలు పట్టుకుని అరిచాడు. ఆ అరుపు స్టాండ్లో ఉన్న అక్కకు వినిపించింది. ఆసుపత్రిలో డాక్టరు సినిమా పోస్టరులా ఫిల్ము వేలాడదీసి, లోపల తాడులాంటిది తెగిందనీ, మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే ఎనిమిది నెలల్లో మళ్లీ ఆడతాడనీ, ఆలస్యమైతే నడవడానికి ఢోకా లేదు గానీ పరుగు మాత్రం మరిచిపోవాలనీ చెప్పాడు. చిన్నోడు గోడకేసి తిరిగి పడుకున్నాడు. అక్క వాడి తల నిమిరి, "భయపడకురా. పద్నాలుగుంది" అంది.

నాలుగో రోజు ఒప్పందం రద్దు చేస్తూ క్లబ్బు ఉత్తరం వచ్చింది. మొదటి మాట 'చింతిస్తున్నాము'. అక్క రెండో లైను చదవకుండానే అది నాలుగో రకం చింతని గుర్తుపట్టింది. తలుపు పట్టుకుని నిలబడింది.

"క్లాజు ఉందిగా!" అంది గంట తర్వాత పరువుగారి బల్ల మీద చెయ్యి కొట్టి. ఆ చేతికి టీ కప్పు తగిలి ఒలికింది.

"ఉందమ్మా" అన్నాడాయన, తుడుచుకుంటూ. "లేదని ఎవరన్నారు? నేనే టైపు చేయించాను. ఎవరన్నారంటే మీ తమ్ముడన్నాడు. పది పదికి ఉంది. పది నలభైకి అది లేకుండానే చేరుతున్నానని స్వహస్తాలతో రాసిచ్చాడు. వెనక సంతకాన్ని కాదని ముందు సంతకాన్ని ఎలా పట్టుకోమంటారు? మీరు ఈ పనిలో ఉన్నవారే, మీరే చెప్పండి."

"పత్రికల కోసం అన్నారు! మీ నోటితో మీరే అన్నారు!"

"అన్నాను. నోటితో అన్నానమ్మా." ఆయన గొంతులో నిజమైన సానుభూతి ఉంది. "ఇంకో మాట చెప్పనా? రెండు కాగితాలదీ ఒకే తేదీ. టైము లేకపోయి ఉంటే ఏది ముందో ఏది వెనకో తేలక మేము చాలా ఇరుకున పడేవాళ్లం. మా లాయరుగారు ఆ టైములు చూసి లేచి నిలబడి దండం పెట్టారు."

"కోర్టుకి వెళ్తాను."

"తప్పకుండా వెళ్లండి. మా గత కేసు ఏడో ఏట నడుస్తోంది. మోకాలు ఆగుతుందంటే వెళ్లండి."

తొమ్మిదేళ్లుగా తన ఉత్తరాలు అందుకున్నవాళ్లు ఏ గుమ్మంలో, ఏ తలుపు పట్టుకుని నిలబడి చదివి ఉంటారో అక్కకు అప్పుడు తట్టింది. తన మీద తనకే రోత పుట్టింది. చచ్చినా వీడి ముందు ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది.

పరువుగారు టిష్యూ డబ్బా ఆమె వైపు జరిపి, తలుపు వేసి వచ్చాడు. "మేము మనుషులం కామనుకోకండి. క్లబ్బు హక్కుగా ఏదీ ఇవ్వదు. దయగా ఇస్తుంది. హక్కుగా ఇస్తే పేరు పోతుంది, దయగా ఇస్తే పేరు వస్తుంది. అందుకు దయా విభాగం ఉంది, పక్క గదే. ఫారం నింపండి. ఆపరేషన్ మేమే చేయిస్తాం. కాకపోతే ఆ ప్రకటనకు విరుద్ధంగా మీ ఇంట్లో ఎవరూ, ఎక్కడా, ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకూడదు. అంటే దయ రద్దవుతుంది."

ఫారంలో 'క్లబ్బు తనకు ఏమీ బాకీ లేదని దరఖాస్తుదారు నమ్ముచున్నారా?' అనే ప్రశ్నకు అవును అనే గడి ఒక్కటే ఉంది. అక్క టిక్కు పెట్టింది. దయా విభాగం గుమాస్తా వరుస చూసి తేదీ ఇచ్చాడు. ఐదు నెలల తర్వాతి తేదీ. డాక్టరు మూడు నెలలన్నారండీ అంటే, "దయకు డాక్టరుతో సంబంధం లేదమ్మా" అన్నాడు.

చిన్నోడికి ఆ తేదీ చెప్పడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. వాడు తిట్టి ఉంటే బాగుండేది. కాలు స్టూలు మీద పెట్టుకుని, వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకుని, "ఐదు కదా. సరేలే అక్కా" అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. అక్క బయట అప్పులకు తిరిగింది, ప్రైవేటు ఆసుపత్రుల్లో అడిగింది, ఎక్కడా పని కాలేదు. ఈలోగా లీగు రెండో విడత చీటీలు తీశారు. ఆ మర్నాడు ఉదయం అక్క ఆఫీసుకు బయల్దేరుతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు, బెదురుతూ.

"అమ్మా, మీరు బాణం వాళ్ల అక్కగారేనా? మా అబ్బాయి గోల్‌కీపరమ్మా. చీటీలో మీ క్లబ్బే వచ్చింది. ఏజెంట్లెవరూ రామంటున్నారు. వాళ్ల నాన్న లేరు. నాకు ఈ కాగితాలు చదవడం రాదు. ఆ గాయం పూచీ ఏదో ఉందట కదా, మీవాడికి గట్టిగా అడిగితే ఇచ్చారని ఎవరో అన్నారు. నిజమేనామ్మా? మేమూ ఆగి అడగమంటారా?"

చెప్పాల్సింది రెండే మాటలు. అడగండి, అవసరం పడితే ఇస్తారు. ఇచ్చాక ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆ రెండు మాటలూ అక్క నాలుక చివర దాకా వచ్చాయి. ఎదురుగా చిన్నోడు కుర్చీలో, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఆమెనే చూస్తున్నాడు. లోపల అమ్మ మిషను ఆగిపోయింది.

"లేదండీ" అంది అక్క. "ఎవరో తప్పు చెప్పారు. మావాడికి ఇవ్వలేదు. వాళ్లు ఎవరికీ ఇవ్వరు."

"అడిగినా ఇవ్వరా అమ్మా?"

"ఇవ్వరు. ఊరికే రోజులు పోతాయి. పెట్టేయండి సంతకం."

"మీరు చెప్పారంటే ఇంక నాకు ధైర్యమమ్మా" అంది అవతలి గొంతు. "మీ మేలు మర్చిపోలేను."

మూడు రోజులకు క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. చింత ఏమీ లేదు. కొత్త గోల్‌కీపర్‌తో చర్చలు ఇరవై నిమిషాల్లో ముగిశాయనీ, క్లబ్బు చరిత్రలో ఇదే రికార్డనీ, అక్క మాట విన్న మీదటే సంతకం పెట్టామని ఆ తల్లి చెప్పిందనీ రాశారు. కొత్త ఆటగాళ్ల కుటుంబాలు ఇకపై ముందుగా ఆమెతో మాట్లాడేలా పరువు శాఖకు గౌరవ సలహాదారుగా ఉండడానికి అంగీకరిస్తే, దయా విభాగం ఆపరేషన్‌ను వచ్చే గురువారానికి ముందుకు జరపగలదని కూడా రాశారు. అంగీకార పత్రం జతపరిచారు.

అక్క సంతకం పెట్టి పంపింది. ఆపరేషన్ బాగా జరిగింది.